మేనేజర్ మన మాట వింటున్నారా? కొలిచే పద్ధతుల్లో ఏది ఎవరికి సరిపోతుంది

కొన్నేళ్ల క్రితం హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల తయారీ సంస్థలో, మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నప్పుడు కార్మికుల కోసం తెలుగులో ఒక సర్వే తయారుచేశాను. అందులో ఒక ప్రశ్న ఇది: “మీ షిఫ్ట్ ఇన్‌చార్జి మీ మాట వింటారా?” ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయాలి. ప్యాకింగ్ విభాగం ఇన్‌చార్జికి చాలా తక్కువ వచ్చాయి. ఆయన్ను నేను దగ్గర నుంచి చూసినవాణ్ణి. ఎవరు వచ్చినా చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ చూపించి, చివరిదాకా వినే మనిషి. లెక్క ఎక్కడో తప్పిందనిపించి ఆ విభాగానికి వెళ్లి కొందరితో కూర్చున్నాను. ఒకామె నిదానంగా చెప్పింది: “చెప్పుకుంటే కూర్చోబెట్టి అంతా వింటారు సార్. కానీ మా మాట ఎక్కడ విన్నారు? సాయంత్రం బస్సు పావుగంట ముందు బయల్దేరేలా చూడమని ఎన్నిసార్లు అడిగాం? ఇప్పటికీ పాత టైమే కదా.”

పొరపాటు నాదే. తెలుగులో ‘మాట వినడం’ అంటే చెప్పినట్టు చేయడం అనే అర్థమే ముందు తడుతుంది. పిల్లవాడు మాట వినడం లేదని తల్లి అంటే వాడి చెవుల గురించి ఎవరూ ఆలోచించరు. నేను అడిగింది ఒకటి, వాళ్లు జవాబిచ్చింది మరొకదానికి. ఆ మార్కులు చూసి ఆ ఇన్‌చార్జిని శిక్షణకు పంపాలని అప్పటికే పైనుంచి ఆదేశం వచ్చింది. బస్సు వేళలు ఆయన చేతిలో లేవని ఒప్పించి, దాన్ని ఆపించడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఇది మన భాషకు మాత్రమే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో బెల్లా రెన్, రెబెకా షౌంబర్గ్ అనే పరిశోధకులు 2024లో ప్రచురించిన ప్రయోగాల్లో కూడా ఇదే బయటపడింది. ఎదుటివారు ఎంత శ్రద్ధగా విన్నా, చివరికి మనతో ఏకీభవించకపోతే ‘సరిగా వినలేదు’ అనే మనం లెక్కగడతాం. కాబట్టి మేనేజర్లు ఎంత బాగా వింటారో కొలవాలనుకునే ఏ సంస్థ అయినా పద్ధతిని ఎంచుకునే ముందు, కొలవబోయేది ఏమిటో తేల్చుకోవాలి. ఆ పని చేయకుండా మార్కెట్‌లో దొరికే సర్వేనో, సాఫ్ట్‌వేర్‌నో తెచ్చి పెట్టుకుంటే, మంచి మేనేజర్‌కు అన్యాయం జరుగుతుంది, నేర్పుగా తల ఊపేవారికి మెప్పు దక్కుతుంది.

ఏ వినడాన్ని కొలుస్తున్నాం?

ఆఫీసులో వినడం అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. చెప్పుకోవడానికి చోటివ్వడం మొదటిది. చెప్పినదాన్ని చెప్పినట్టే అర్థం చేసుకోవడం రెండోది. విన్నాక ఏం చేశారో, చేయలేకపోతే ఎందుకు చేయలేదో తిరిగి వచ్చి చెప్పడం మూడోది. ఒకదానిలో దిట్ట అయినవారు ఇంకొకదానిలో పూర్తిగా విఫలం కావచ్చు. సర్వేలు ఎక్కువగా మొదటిదాన్ని పట్టుకుంటాయి. నష్టాలు ఎక్కువగా రెండో దానిలో, మూడో దానిలో జరుగుతాయి.

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో జరిగిన ఒక టెలికాన్ఫరెన్స్‌ను తలచుకోండి. ఛాలెంజర్ అంతరిక్ష నౌకకు రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థియోకాల్ ఇంజనీర్లు, మర్నాడు ఉదయం చలి తీవ్రంగా ఉంటుందని, రాకెట్ కీళ్లలోని రబ్బరు వలయాలు బిగుసుకుపోతాయని, 53 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తక్కువలో, అంటే సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో ప్రయోగం వద్దని చెప్పారు. వాళ్లకు మాట్లాడే అవకాశం దక్కింది. గంటల తరబడి చార్టులు చూపించారు. తర్వాత థియోకాల్ పెద్దలు నాసాతో మాటలు కాసేపు ఆపి, తమలో తాము చర్చించుకుని, ఇంజనీర్ల సలహాను పక్కన పెట్టి ప్రయోగానికి సరేనన్నారు. మర్నాడు నౌక గాల్లోనే ముక్కలై, అందులోని ఏడుగురూ చనిపోయారు. ఆ రాత్రి మీటింగ్ ముగిశాక “మీకు మాట్లాడే అవకాశం ఇచ్చారా?” అని సర్వే పెట్టి ఉంటే మంచి మార్కులే వచ్చేవని నా నమ్మకం.

అందుకే పద్ధతులను పోల్చేటప్పుడు నేను ప్రతిదాన్నీ ఒకే ప్రశ్న అడుగుతాను: ఈ మూడింటిలో నువ్వు చూడగలిగేది ఏది?

సర్వే: అందరికీ తెలిసినది, అందరూ తప్పుగా వాడేది

పేర్లు లేని సర్వే చవకైనది, వేగమైనది. వందల మందిని ఒకేసారి అడగగలిగేది ఇదొక్కటే. గ్యాలప్ సంస్థ ప్రపంచమంతటా వాడే 12 ప్రశ్నల సర్వేలో ఏడో ప్రశ్న, పనిచేసే చోట నా అభిప్రాయాలకు విలువ ఉన్నట్టు అనిపిస్తోందా అన్నది. అది సంస్థ మొత్తం గాలి ఎటు వీస్తోందో చెబుతుంది. ఒక్కో మేనేజర్ విషయంలో ఆ ఒక్క ప్రశ్న చాలదు, ఎందుకంటే అభిప్రాయానికి విలువ లేకపోవడానికి మేనేజర్ కారణమో, ఆయన పైవారు కారణమో అందులో తెలియదు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన అవ్రహం క్లూగర్ ఈ విషయం మీదే ఏళ్లుగా పరిశోధన చేశారు. ఎదుటివారు తనను అర్థం చేసుకోవడానికి ఎంత ప్రయత్నిస్తున్నారో మాట్లాడిన మనిషి చేతే మార్కులు వేయించే కొలమానాలు అలాంటి పరిశోధనల్లో రూపుదిద్దుకున్నాయి. వాటిలోని ముఖ్యమైన మెలకువ ఒకటి మనం తీసుకోవచ్చు: మేనేజర్ స్వభావం గురించి అడగకుండా, జరిగిన సంభాషణ గురించి అడగడం.

తెలుగులో ప్రశ్నలు రాయాలంటే నేను ఇప్పుడు ఇలా రాస్తాను. “గత నెలలో మీరు ఏదైనా విషయం చెప్పినప్పుడు, మీ ఇన్‌చార్జి మధ్యలో ఆపకుండా పూర్తిగా చెప్పనిచ్చారా?” “మీరు చెప్పినదాన్ని వారు సరిగ్గా అర్థం చేసుకున్నారని మీకు ఎలా తెలిసింది?” దీనికి ఎంచుకోవడానికి జవాబులు ఇస్తాను: తిరిగి తన మాటల్లో చెప్పారు, ప్రశ్నలు అడిగారు, తెలియలేదు. “ఆ విషయం ఏమైందో మీకు తర్వాత చెప్పారా?” చివరగా, “మీరు అడిగినది జరిగిందా?” ఈ చివరి ప్రశ్నను మార్కుల్లో కలపను. ‘మాట వినడం’లోని ఆ రెండో అర్థానికి విడిగా ఒక చోటు కల్పించడానికే దాన్ని అక్కడ పెడతాను. కోపం అక్కడికి చేరితే మిగతా జవాబులు కాస్త శుభ్రంగా వస్తాయి.

చిన్న టీమ్‌లలో సగటును నమ్మవద్దు. ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో ఆరుగురు జవాబిచ్చారనుకుందాం: 4, 4, 4, 5, 4, 3. సగటు సరిగ్గా 4. తర్వాతి మూడు నెలలకు ఐదు వేసిన ఒక్కరు, సెలవు దొరకలేదన్న కోపంతో, రెండు వేశారు. మిగిలిన ఐదుగురూ మారలేదు. సగటు 3.5కు పడింది. దాన్ని ఒక ఎర్ర బాణం గుర్తుతో నివేదికలో పెడితే, ఆ మేనేజర్ రాత్రంతా ఆలోచిస్తూ కూర్చుంటారు. పది మంది కన్నా తక్కువ ఉన్న చోట సగటు వేయడం మానేసి, ఎంత మంది ఏ జవాబు ఇచ్చారో అలాగే చూపించడం మేలు. ఐదుగురి కన్నా తక్కువ మంది జవాబిస్తే అసలు చూపించకండి. ఎవరు ఏది రాశారో ఊహించడం అప్పుడు మేనేజర్‌కు పెద్ద పని కాదు, ఆ సంగతి కార్మికులకూ తెలుసు.

భాష గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చి కాంట్రాక్టు మీద పనిచేసేవారు చాలా మంది ఉన్నారు. సర్వే ఇంగ్లీషులోనో, తెలుగులోనో మాత్రమే ఉంటే వాళ్ల సంగతి ఆ కాగితంలోకి రానే రాదు. పైగా చాలా చోట్ల కాంట్రాక్టు వారిని సర్వేలోనే కలపరు. మేనేజర్ ఎవరి మాట అందరికన్నా తక్కువ వింటారో వారినే వదిలేసి కొలిచిన కొలత అది.

మేనేజర్లు తమకు తాము మార్కులు వేసుకునే పద్ధతి గురించి ఇక్కడే చెప్పేస్తాను. కొలతగా అది పనికిరాదు. మనం ఎంత బాగా విన్నామని మనం అనుకుంటామో, ఎదుటివారు ఏమనుకుంటారో, ఆ రెండింటికీ పొంతన తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. శిక్షణ తరగతిలో మొదటి రోజు, ఆలోచన రేకెత్తించడానికి మాత్రం బాగుంటుంది.

తిరిగి చెప్పించే పరీక్ష: నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1950ల మొదట్లో ఒక చిన్న నియమం సూచించారు. వాదన వేడెక్కినప్పుడు, ఎదుటివారు చెప్పినదాన్ని, వారు ‘అవును, నేను అన్నది అదే’ అని ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే మీ మాట మొదలుపెట్టాలి. వినడం మీద తర్వాత వచ్చిన శిక్షణలు చాలా వాటికి మూలం ఇదే. ఇది నేర్పే పద్ధతిగానే ప్రసిద్ధి. కొలిచే పద్ధతిగా కూడా చక్కగా పనిచేస్తుందని నేను అనుభవంతో చెప్పగలను.

చేసే విధానం ఇది. మేనేజర్, ఉద్యోగి ఇద్దరే కూర్చుని మాట్లాడుకున్న తర్వాత, అదే రోజు ఇద్దరూ విడివిడిగా మూడేసి వాక్యాలు రాయాలి. ఉద్యోగి తాను చెప్పిన ముఖ్యమైన మూడు విషయాలు రాస్తారు. మేనేజర్ ఆ ఉద్యోగి చెప్పారని తాను అనుకున్న మూడు విషయాలు రాస్తారు. మూడో మనిషి ఒకరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఎన్ని కలిశాయో చూస్తారు. నెలకు నాలుగు సంభాషణలైతే 12 విషయాలు. ఎన్ని సరిగ్గా చేరాయో ఒక అంకె వస్తుంది.

ఆ అంకె కన్నా ఆ కాగితాలే ఎక్కువ చెబుతాయి. ఒకసారి ఒక మహిళా ఆపరేటర్ రాసిన మూడు వాక్యాలు: రాత్రి షిఫ్టులో శుభ్రం చేయడానికి మనిషి లేరు. కొత్తగా చేరిన అబ్బాయికి మిషన్‌ను అత్యవసరంగా ఎలా ఆపాలో ఎవరూ నేర్పలేదు. మార్చిలో మా అమ్మాయి పరీక్షలు, నాకు పగటి షిఫ్టు కావాలి. ఇన్‌చార్జి కాగితంలో ఉన్నవి: రాత్రి క్లీనింగ్‌కు మనిషి కావాలి. మార్చిలో షిఫ్టు మార్చాలి. కొత్త అబ్బాయి పని సరిగా చేయడం లేదు.

మూడింటిలో రెండు కలిశాయి. మార్కుల ప్రకారం ఫరవాలేదు. కానీ కలవని ఆ మూడోది చూడండి. ‘అబ్బాయికి నేర్పలేదు’ అన్నది ‘అబ్బాయి సరిగా చేయడం లేదు’గా మారింది. నేర్పాల్సిన బాధ్యత ఇన్‌చార్జిదే కాబట్టి, ఆ మాట ఆయన చెవిదాకా వచ్చి, లోపలికి వెళ్లేలోపు దిశ మార్చుకుంది. ఆ ఇన్‌చార్జి చెడ్డవారు కాదు. రెండు కాగితాలూ చూపించగానే ఆయన ముఖం కందిపోయింది, ఆ సాయంత్రమే ఆ అబ్బాయిని మిషన్ దగ్గరకు తీసుకెళ్లి ఎర్ర బటన్ ఎక్కడుందో, ఎప్పుడు నొక్కాలో చూపించారు. ఏ సర్వేలో 3.8 వచ్చినా ఈ పని జరిగేది కాదు.

లోపాలు కూడా ఉన్నాయి. ఇద్దరి దగ్గరా సమయం తీసుకుంటుంది. రాయడం ఇబ్బందిగా ఉన్నవారితో నోటితో చెప్పించుకుని ఎవరైనా రాయాలి. పోల్చి చూసే మూడో వ్యక్తి మీద ఇద్దరికీ నమ్మకం ఉండాలి. ఉద్యోగి భయపడితే తన అసలు మాట కాగితం మీద పెట్టరు, అప్పుడు మూడుకు మూడూ కలిసినా ఉపయోగం లేదు. 300 మంది ఉన్న చోట అందరితో చేయలేరు. ఒక త్రైమాసికంలో ఆరుగురు మేనేజర్లను ఎంచుకుని, వారి ఇష్టంతోనే చేయడం మంచిది. ఇది అర్థం చేసుకోవడాన్ని సూటిగా కొలుస్తుంది. చెప్పడానికి ధైర్యం ఉందా లేదా అన్నది దీనికి పట్టదు.

మాట ఎక్కడికి పోయిందో చూసే రిజిస్టర్

మూడో పనికి, అంటే విన్నాక జవాబు ఇవ్వడానికి, మనుషుల అభిప్రాయాలు అడగాల్సిన అవసరమే లేదు. ఒక రిజిస్టరు చాలు. కంప్యూటర్‌లో షీట్ అయినా సరే, గోడకు వేలాడే బోర్డు అయినా సరే. తేదీ, చెప్పిన విషయం, మొదటి జవాబు ఇచ్చిన తేదీ, జవాబు ఏమిటి. జవాబులు మూడే రకాలు: చేస్తాం, ఇన్ని రోజుల్లో. చేయలేం, కారణం ఇది. మా చేతిలో లేదు, ఫలానా వారికి పంపాం. చెప్పినవారి పేరు రాయాలా వద్దా అన్నది వారి ఇష్టం.

ఈ రిజిస్టరులో నేను చూసే అంకెలు తక్కువ. మొదటి జవాబుకు సగటున ఎన్ని రోజులు పట్టింది? జవాబే లేనివి ఎన్ని? అన్నిటికన్నా ముఖ్యం, అదే విషయం మళ్లీ మళ్లీ ఎన్నిసార్లు వచ్చింది? మొదటిసారి చెప్పినప్పుడు ఎవరికీ కోపం ఉండదు. మూడోసారి చెప్పేవారి గొంతులో విసుగు ఉంటుంది. నాలుగోసారికి చాలా మంది చెప్పడం మానేస్తారు, ఆ తర్వాత రిజిస్టరు శుభ్రంగా కనిపిస్తుంది. అందుకని ఖాళీ రిజిస్టరును చూసి ఎప్పుడూ సంతోషించకండి. ఎక్కువ నమోదులు ఉన్న మేనేజర్ దగ్గరకు జనం ధైర్యంగా వెళుతున్నారని అర్థం. నమోదుల సంఖ్యను తగ్గించమని లక్ష్యం పెట్టిన రోజున ఈ పద్ధతి చచ్చిపోతుంది.

హైదరాబాద్‌కు ఈ తరహా పనిలో పాత చరిత్రే ఉంది. భారతదేశంలో మొదటి క్వాలిటీ సర్కిళ్లు 1980లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో మొదలయ్యాయి. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు వారానికోసారి కూర్చుని, తమ పనిలోని చిక్కులను తామే ఎంచి, పరిష్కారం ఆలోచించి, యాజమాన్యం ముందు పెట్టేవారు. రెండేళ్లకు, 1982లో, క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఇక్కడే పుట్టింది. ఆ పద్ధతిలో నాకు నచ్చే అంశం, కార్మికులు తమ సూచనను సమర్పించినప్పుడు పైవారు ఎదురుగా కూర్చుని వినడం, అక్కడికక్కడే ఏదో ఒకటి చెప్పవలసి రావడం. సలహాల పెట్టెలో కాగితం వేసి ఆశగా చూసే పరిస్థితికి, దీనికి చాలా తేడా ఉంది.

ఐటీ రంగంలో హెచ్‌సీఎల్ టెక్నాలజీస్ 2005 తర్వాత, వినీత్ నాయర్ నాయకత్వంలో, ఇలాంటిదే వేరే రూపంలో పెట్టింది. ఉద్యోగికి పాలనా విభాగాలతో సమస్య ఉంటే, కస్టమర్ ఫిర్యాదుకు ఇచ్చినట్టే దానికి ఒక టికెట్ నంబరు ఇస్తారు. ఆ టికెట్‌ను మూసే అధికారం ఫిర్యాదు చేసిన ఉద్యోగికే ఉంటుంది. ఈ చివరి నియమం చాలా విలువైనది. ‘పరిష్కరించాం’ అని మేనేజరే టిక్కు పెట్టుకునే రిజిస్టరు నాలుగు నెలల్లో నూటికి నూరు శాతం చూపిస్తుంది. మీరు రిజిస్టరు పెడితే, ‘నాకు జవాబు అందింది’ అన్న గడిని చెప్పినవారి చేతే నింపించండి. ఒప్పుకున్నారా లేదా అన్నది అక్కర్లేదు, జవాబు అందిందా అన్నదే అక్కడి ప్రశ్న.

360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్, ఇంకొన్ని

పైవారు, తోటివారు, కింద పనిచేసేవారు అందరూ కలిసి ఒక మేనేజర్ గురించి రాసే 360 డిగ్రీల పద్ధతి పెద్ద సంస్థల్లో మామూలైంది. దీని బలం వేర్వేరు కోణాలు. పైవారికి ఎంతో శ్రద్ధగా వినేవారిగా కనిపించే మనిషి, కింది వారికి గోడలా కనిపించవచ్చు. ఆ తేడాయే ఇందులో చూడవలసినది. కాబట్టి మూడు వర్గాల మార్కులనూ కలిపి ఒక్క సగటుగా ఇచ్చే నివేదికను వెనక్కి పంపండి. విడివిడిగా ఇవ్వమనండి.

వినీత్ నాయర్ తన 360 ఫలితాలను సంస్థ లోపలి వెబ్‌సైట్‌లో అందరూ చూసేలా పెట్టారు, మిగతా మేనేజర్లూ అలా పెట్టేలా ప్రోత్సహించారు. పెద్దవారు ముందు తమది చూపించారు కాబట్టి అది నిలబడింది. మీ సంస్థలో ముఖ్య అధికారి తనది చూపించడానికి సిద్ధంగా లేకపోతే, టీమ్ లీడ్‌లవి బయట పెట్టవద్దు. గూగుల్ మాత్రం ఇంకో దారి ఎంచుకుంది. 2009 ప్రాంతంలో మొదలైన ప్రాజెక్ట్ ఆక్సిజన్‌లో మంచి మేనేజర్‌కు ఉండవలసిన ఎనిమిది లక్షణాలను గుర్తించినప్పుడు, చక్కగా మాట్లాడటం, వినడం వాటిలో ఒకటిగా వచ్చింది. ఉద్యోగులు తమ మేనేజర్ల గురించి ఇచ్చే ఆ ఫీడ్‌బ్యాక్‌ను పనితీరు మదింపుతో కలపకుండా, మెరుగుపడటానికే వాడారు. ఈ రెండు దారుల్లో ఒకటి ఎంచుకోమంటే, మన దగ్గర ఎక్కువ సంస్థలకు గూగుల్ దారి సరిపోతుందని నా అభిప్రాయం. ఇంక్రిమెంట్‌తో ముడిపెట్టిన క్షణం నుంచి, మేనేజర్ మార్కుల కోసం జనాన్ని మంచి చేసుకోవడం మొదలుపెడతారు, జనం కూడా ఆయన జీతానికి గండి కొట్టడం ఇష్టం లేక నాలుగులు, ఐదులు వేస్తారు.

మీటింగులో ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఒక మేనేజర్ గంట మీటింగులో 48 నిమిషాలు తానే మాట్లాడుతున్నారని తెలిస్తే అది ఉపయోగమే, దానికి గడియారం పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నా చాలు. కానీ మౌనంగా ఉండటం వినడం కాదు. ఫోను చూసుకుంటూ 50 నిమిషాలు నోరు మెదపని వారికి ఆ సాఫ్ట్‌వేర్ పూర్తి మార్కులు ఇస్తుంది. పైగా తమ మాటలు రికార్డవుతున్నాయని తెలిస్తే, ఉద్యోగులు మాట్లాడేదే మారిపోతుంది. నేను దీన్ని సిఫారసు చేయను.

మేనేజర్‌ను దాటి ఆయన పై అధికారి నేరుగా ఉద్యోగులతో మాట్లాడటం, వెళ్లిపోయేవారితో చివరి రోజు మాట్లాడటం అనే రెండు పద్ధతులు కొలతలు కావు, కానీ కొలతలు ఎందుకు అలా వచ్చాయో చెబుతాయి. వీటిని చేసేటప్పుడు అమెరికాలోని వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థ హాథార్న్ ఫ్యాక్టరీ అనుభవం గుర్తుంచుకోండి. 1928 నుంచి 1930 వరకు అక్కడ 21 వేల మందికి పైగా ఉద్యోగులతో మాట్లాడారు. మొదట ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగారు. వాళ్లు ఆ ప్రశ్నలు వదిలేసి తమకు కావలసిన విషయాలే చెప్పుకోవడం గమనించి, ప్రశ్నల జాబితాను పక్కన పెట్టి, వాళ్లనే మాట్లాడనిచ్చారు. అరగంటలో అయిపోయే సంభాషణ గంట దాటింది. అసలు విషయాలు అప్పుడు బయటికొచ్చాయి. వెళ్లిపోయేవారితో మాట్లాడేటప్పుడు ఫారం నింపించడం మొదట పెట్టుకుంటే, ఫారమే మిగులుతుంది. ఇక వెళ్లిపోతున్న మనిషి అనుభవ ధ్రువపత్రం చేతికి అందేదాకా నిజం చెప్పరు కాబట్టి, రెండు మూడు నెలల తర్వాత ఫోను చేసి మాట్లాడటం ఇంకా మంచిది.

మీ సంస్థకు ఏది?

15 మంది లోపు ఉన్న చిన్న ఆఫీసు అయితే సర్వే జోలికి వెళ్లవద్దు. పేరు లేని సర్వే అక్కడ పేరు లేకుండా ఉండదు. వారానికోసారి ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవడం, తిరిగి చెప్పే పరీక్ష, గోడ మీద ఒక రిజిస్టరు బోర్డు. ఇవి చాలు.

వంద నుంచి ఐదు వందల మంది ఉన్న ఫ్యాక్టరీలో రిజిస్టరుతో మొదలుపెట్టండి, విభాగానికొకటి. సర్వే ఏడాదికి రెండుసార్లు, కార్మికుల భాషల్లో, కాంట్రాక్టు వారిని కూడా కలుపుకుని. సర్వేలో తక్కువ మార్కులు, రిజిస్టరులో జవాబుకు ఎక్కువ రోజులు, ఈ రెండూ ఒకే విభాగంలో కలిసి కనిపిస్తే అక్కడ మేనేజర్‌తో పని ఉంది. సర్వే తక్కువ, రిజిస్టరు బాగుంటే, బహుశా ఆయన చేతిలో లేని విషయాల గురించే జనం బాధపడుతున్నారు. మా ప్యాకింగ్ ఇన్‌చార్జి కథ అదే. సర్వే ఎక్కువ వచ్చి రిజిస్టరు ఖాళీగా ఉంటే అందరికన్నా ముందు అక్కడికి వెళ్లండి. మర్యాదగా పలకరించే మనిషి దగ్గర ఎవరూ నిజం చెప్పని పరిస్థితి కావచ్చు. చట్ట ప్రకారం ఉండవలసిన కమిటీలను కూడా దీనికి వాడుకోవచ్చు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలంటుంది. ఆ కమిటీకి చేరిన విషయాల్లో ఎన్ని ముందే ఇన్‌చార్జికి చెప్పినవో లెక్క చూడండి. అంతకన్నా నికార్సయిన కొలత అరుదు.

వేల మంది ఉన్న ఐటీ సంస్థలో సర్వే, 360 రెండూ ఇప్పటికే ఉంటాయి. అక్కడ కొత్త పద్ధతి తేవడం కన్నా, ఉన్నవాటిలోని ప్రశ్నలను మార్చడం ముఖ్యం. ‘నా మేనేజర్ బాగా వింటారు’ అన్న వాక్యం తీసేసి, పైన రాసిన నాలుగు ప్రశ్నల వంటివి పెట్టండి. వివిధ ఊళ్ల నుంచి, ఇళ్ల నుంచి పనిచేసే టీమ్‌లకు రిజిస్టరు ఇంకా అవసరం, ఎందుకంటే వీడియో కాల్‌లో చెప్పిన మాట ఎవరూ రాసుకోకపోతే కాల్‌తోనే ముగిసిపోతుంది.

ప్రభుత్వ కార్యాలయాల్లో, బ్యాంకు శాఖల్లో మేనేజర్లు రెండు మూడేళ్లకు బదిలీ అవుతారు. అక్కడ మనిషిని కొలవడం కన్నా కుర్చీని కొలవడం నయం. రిజిస్టరు కార్యాలయానిదిగా ఉండాలి, కొత్తగా వచ్చినవారు మొదటి వారంలో పాత నమోదులు చదివి, జవాబు లేనివాటికి జవాబు ఇవ్వాలి.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఈ పద్ధతుల్లో దేనిలోకీ రాకూడదు. 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి, అవి నేరుగా అక్కడికే వెళ్లాలి. రిజిస్టరు మొదటి పేజీ మీద ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు రాసి పెట్టండి.

దేనితో మొదలుపెట్టినా, మొదటి ఫలితాలు వచ్చిన పది రోజుల్లోపు ఆ విభాగం వారిని కూర్చోబెట్టి, మీరు చెప్పింది మాకు ఇలా అర్థమైందని చదివి వినిపించండి. అప్పుడు ఎవరో ఒకరు లేచి “అది కాదు సార్, మేము చెప్పింది వేరు” అంటారు. ఆ మాటను రిజిస్టరులో మొదటి నమోదుగా రాసుకోండి.